నూలు లావెక్కదు

మా గోదావరి జిల్లాల్లో మంచు అంటే రెండే రకాలు. ఒకటి డిసెంబరులో తెల్లారేసరికి చేల మీద కమ్ముకుని ఉండే పొగమంచు. రెండోది రొయ్యల లారీల్లోంచి రోడ్డు పొడుగునా నీళ్లు కార్చుకుంటూ పోయే ఐసుగడ్డ. అలాంటి చోట, రాజమండ్రిలో ఫ్యాను కింద కూర్చుని, నేల నుంచి తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున ఉండే మబ్బుల్లోని మంచు పలుకుల మీద నేను ఎనిమిదేళ్లు పరిశోధన చేశాను. తొంభైల్లో మొదలుపెట్టి, రెండు వేల సంవత్సరంలోకి అడుగుపెట్టాక ముగించాను.

"ఐసు గురించి చదవడానికి వైజాగు దాకా ఎందుకమ్మాయ్? భీమవరం వెళ్తే రొయ్యలోళ్లు కావాల్సినంత చూపిస్తారు కదా" అన్నారు మా అత్తగారు, నేను అక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకున్న రోజున. ఆవిడ వేళాకోళం ఆడుతున్నారో, నిజంగానే అడుగుతున్నారో అప్పట్లో నాకు తెలిసేది కాదు. కోపం మాత్రం వచ్చేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో వాళ్లకి తెలుసు. నేను ఫిజిక్సు చెప్పే డిగ్రీ కాలేజీ పిల్లలకి ఇంకా బాగా తెలుసు.

ఇంట్లో ముగ్గురం. మా ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలవల మ్యాపులు గీయడం ఆయన పని. అత్తగారిది నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఐదో తరగతి దాకా మిషన్ బడిలో చదువుకున్నారు. ఆ బడిలోనే లేసు అల్లడం నేర్చుకుని, పెళ్లయ్యాక కూడా ముప్ఫై ఏళ్లు ఏజెంటు ఇచ్చిన నూలుతో లేసు అల్లారు. మా దగ్గరికి వచ్చాక ఇక ఎవరికీ అల్లి ఇవ్వాల్సిన అవసరం లేకపోయినా, ఆవిడ చేతిలో ఆ కొక్కెం సూది లేకుండా నేను చూసింది అన్నం తినేటప్పుడూ, గుడికి వెళ్లినప్పుడూ మాత్రమే. మేం లూథరన్లం. మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటాం.

నా పని ఏంటో రెండు మాటల్లో చెప్పాలి. వానలు వెనకబట్టాక ఒక్కోరోజు ఆకాశంలో బాగా ఎత్తున, ఏకిన దూదిలా తెల్లటి మబ్బులు కనిపిస్తాయి. వాటిలో నీటి చుక్క ఉండదు, అంతా మంచు పలుకులే. కింద నుంచి రాడార్ ఒక అలను పైకి పంపితే, ఆ పలుకులకి తగిలి కొంచెం వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని బట్టి పైన మంచు ఎంత ఉందో చెప్పాలి. చెప్పాలంటే, ఏ ఆకారంలో, ఏ సైజులో ఉన్న పలుకు ఎంత అలను వెనక్కి పంపుతుందో ముందుగా లెక్కకట్టి ఉంచుకోవాలి. గుండ్రటి చినుకుకైతే ఆ లెక్క పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. మంచు పలుకు గుండ్రంగా ఉండదు కదా. ఆరు మూలల పలకలా ఉంటుంది, ఆరు రెమ్మల పువ్వులా ఉంటుంది. దాని లెక్క కాగితం మీద తెగదు. అందుకని కంప్యూటర్లో ఆ పలుకును మైసూర్‌పాక్ కోసినట్టు చిన్న చిన్న ఘనాలుగా కోస్తాం. ఒక్కో ఘనం అలకు ఎలా స్పందిస్తుంది, పక్క ఘనాలు దాన్ని ఎలా కదుపుతాయి అన్నది వేల సమీకరణాలుగా రాసి, అన్నిటినీ కలిపి సాధించమని కంప్యూటర్‌కి అప్పజెబుతాం. అది గంటల తరబడి ఆలోచించి ఒక్క అంకె ఇస్తుంది. ఆ ఒక్క అంకె కోసమే నా ఎనిమిదేళ్లూ.

ఆకారాలు గీసిపెట్టింది మా ఆయన. గ్రాఫు కాగితం మీద ఒక పలక, ఒక పువ్వు, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఎంతో అందంగా గీశారు. నేను గళ్లు లెక్కపెట్టి కంప్యూటర్‌కి ఎక్కించాను. "ఒక్కసారి సరిగ్గా గీస్తే చాలు, ఎంత సైజుకైనా పెంచుకోవచ్చు" అనేవారాయన. వాళ్ల ఆఫీసులో చిన్న మ్యాపును పెద్దది చెయ్యడానికి కర్రలతో చేసిన పనిముట్టు ఒకటి ఉండేది. ఒక కొస చిన్న బొమ్మ మీద నడిపితే, ఇంకో కొస అదే బొమ్మను రెట్టింపులో గీసేది. నేనూ అలాగే చేశాను. చిన్న పువ్వు ఒకటి ఎక్కించి, పెద్దది కావాలంటే ఘనం సైజు పెంచుతూ పోయాను. ఒక్క అంకె మారిస్తే చాలు, ఇరవై సైజుల పువ్వులు వచ్చేసేవి. ఎంత తెలివైనదాన్నో అనుకుని మురిసిపోయాను కూడా.

ఇంట్లో గొడవంతా ఆదివారం దగ్గరే వచ్చేది. మా కాలేజీలో ఆ లెక్కకు సరిపోయే కంప్యూటర్ ఒక్కటే ఉండేది. వారమంతా పిల్లల ప్రాక్టికల్స్. ఆదివారం ఒక్కరోజు ప్రిన్సిపాల్ గారు నాకు తాళం ఇచ్చేవారు. అత్తగారికేమో ఆదివారం ఆరాధన మానడమంటే అన్నం మానడం కన్నా పెద్ద సంగతి. చివరికి ఒప్పందానికి వచ్చాం. ఆరాధనకు ఆవిడ పక్కనే కూర్చుంటాను, అయిపోగానే అటునుంచి అటే కాలేజీకి వెళ్తాను. ప్రసంగం పొడుగైనప్పుడల్లా నేను గడియారం చూసుకోవడం, ఆవిడ మోచేత్తో పొడవడం ప్రతివారం జరిగేదే.

మా గైడు గారు విశాఖపట్నంలో ఉండేవారు. మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. పొగడ్త అనేది ఆయన నోట నేను వినలేదు. రాసుకెళ్లిన పేజీ నచ్చకపోతే ఏమీ అనకుండా కిటికీ అంచు మీద పెట్టి, తర్వాతి పేజీ అందుకునేవారు. ఆయన నాకు విదేశాల వాళ్లు చేసిన ఒక పని జిరాక్సు ఇచ్చారు. వాళ్లు విమానంలో ఆ మబ్బుల మధ్యకు వెళ్లి పలుకుల సైజులు కొలిచారు, అదే సమయంలో కింద రాడార్ పెట్టి ఎంత వెనక్కి వస్తోందో చూశారు. గ్రాఫు మీద వాళ్ల కొలతలు చుక్కలు, నా లెక్క గీత. గీత చుక్కల మీదుగా పోతే నేను గెలిచినట్టు.

చిన్న పలుకుల దగ్గర గీత చుక్కలను ముద్దు పెట్టుకుంటూ పోయింది. సైజు పెరిగేకొద్దీ నా గీత పైకి లేచింది, చుక్కలు కిందే ఉండిపోయాయి. నేను వారం రోజులు ఆలోచించి, ఒక వాక్యం రాశాను. పెద్ద పలుకుల దగ్గర కనిపిస్తున్న తేడాకు విమానంలోని పరికరాల లోపం కారణం కావచ్చు అని. గైడు గారు ఆ వాక్యం దగ్గర ఆగారు.

"నిజంగానా?"

"అవునండి. అంత ఎత్తులో, అంత చలిలో కొలవడం కష్టం కదండి."

ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, పేజీ తిప్పేశారు. ఆ తర్వాత సంతకం పెట్టారు.

అప్పటికే నా గడువు రెండుసార్లు పొడిగించారు. ఆ డిసెంబరు నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డిగ్రీ వస్తే కాలేజీలో పర్మనెంట్ చేస్తామని యాజమాన్యం చెప్పింది. అంతకన్నా ఎక్కువగా, నాకు ఆ డిగ్రీ కావాలి. ఎనిమిదేళ్లు ఊళ్లో ప్రతివాళ్లూ "ఇంకా అవలేదా?" అని అడుగుతుంటే పళ్లు కొరుక్కుంటూ బతికినదాన్ని. నవంబరు చివర్లో నాలుగు కాపీలు మెయిన్ రోడ్డులో బైండింగుకి ఇచ్చాను. నల్ల రెక్సిను, బంగారు అక్షరాలు. ఐదో కాపీ విడి కాగితాలుగా ఇంట్లో ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం పేజీ నెంబర్లు చూసుకోవడానికి ఆ కాగితాలన్నీ మంచం మీద పరిచాను. అత్తగారు పక్కనే కుర్చీలో కూర్చుని, క్రిస్మస్‌కి గుళ్లో బల్ల మీద పరిచే గుడ్డకు లేసు అల్లుతున్నారు. సూది ఆపి, నాలుగో అధ్యాయంలో బొమ్మ ఉన్న కాగితం తీసుకుని కళ్లద్దాలకి దూరంగా పట్టుకున్నారు.

"ఇదేంటమ్మాయ్, నువ్వు కూడా లేసు వేశావా?"

"లేసు కాదండి అత్తయ్యగారూ. అదేనండి మంచు పలుకు. ఇది చిన్నది, ఇది పెద్దది. పైన ఉన్నవి పైనుంచి చూసినవి, కిందవి పక్కనుంచి చూసినవి."

"రెండూ ఒకే పువ్వా?"

"ఒకటేనండి. చిన్నదే పెరిగి పెద్దదవుద్ది."

"మరి పెద్దదానికి నూలు మార్చావేం?"

"నూలేంటండీ?"

"చూడు. చిన్నదానికి రెమ్మ సన్నంగా ఉంది. పెద్దదానికి పగ్గమంత లావుంది. పక్కనుంచి చూసినా అంతే, అట్టముక్కలా మందంగా ఉంది. పువ్వు పెద్దదవ్వాలంటే చుట్లు వేసుకుంటా పోతాం గానీ, నూలు లావెక్కుద్దా? ఇది అల్లింది కాదమ్మాయ్. చిన్నదాన్నే భూతద్దంలో పెట్టి చూపించావు."

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల చదువుకి లేసు సూదితో వంకలు పెడుతున్నారు అనుకున్నాను.

"ఆకాశంలో కూర్చుని ఎవరూ అల్లరండీ."

"అల్లకపోతే మరి ఎలా పెరుగుద్ది?"

"గాల్లో ఉన్న ఆవిరి వచ్చి అంచులకి అంటుకుని..."

అక్కడ ఆగిపోయాను. అంచులకి అంటుకుని. అవును, పలుకు వెడల్పుకు పెరిగినంత మందానికి పెరగదు. కొసలు ముందుకు పోతూ ఉంటాయి, మందం దాదాపు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ సంగతి రెండో అధ్యాయంలో స్వయంగా నేనే రాశాను. మూడు పేజీలు రాశాను. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి చక్కగా మర్చిపోయి, వెడల్పు పెంచినంతా మందం కూడా పెంచుకుంటూ పోయాను.

"అత్తయ్యగారూ, పువ్వు వెడల్పు రెట్టింపు చేస్తే నూలు ఎన్ని రెట్లు పడుద్దండి?"

ఆవిడ ఆలోచించను కూడా లేదు. "నిండు అల్లికైతే నాలుగింతలు. జల్లెడ అల్లికైతే అదీ పట్టదు, మూడింతలు చాలు. ఏజెంటు నూలు తూచి ఇచ్చి, లేసు తూచి పట్టుకెళ్లేవోడు. ముప్ఫై ఏళ్లు అదే పని కదా, తెలీదేంటి? నీ బొమ్మకి సరిపడా నూలు అడిగితే, మిగతాది దాచుకుంటున్నావని దొంగతనం అంటగట్టేవోడు."

నా లెక్కలో ఎనిమిదింతలు. వెడల్పు రెండింతలు, పొడవు రెండింతలు, మందం రెండింతలు. రాడార్‌కి వెనక్కి వచ్చే అల బరువుతో పాటు పెరగదు, బరువు వర్గంతో పెరుగుతుంది. బరువు రెండింతలు తప్పయితే అల నాలుగింతలు తప్పు. నా గీత ఎందుకు పైకి లేచిందో, చుక్కలు ఎందుకు లేవలేదో అప్పటికి తెలిసింది. మంచం మీద కాగితాల పైనే కూలబడ్డాను. రెండు పేజీలు నలిగిపోయాయి కూడా.

మా ఆయన బజారు నుంచి వచ్చాక చెప్పాను. విని నెత్తి కొట్టుకున్నారు.

"మేం కాలవను పొడుగునా కోసినట్టు బొమ్మ గీసేటప్పుడు పొడవుకో స్కేలు, లోతుకో స్కేలు వేస్తాం. మైళ్ల పొడుగు కాలవకి అడుగుల్లో లోతు కదా. రోజూ చేసే పనే! నాకెందుకు తట్టలేదే?"

కాసేపటికి ఆయనే మెల్లగా అన్నారు. "సార్ సంతకం పెట్టేశారు. బైండింగు కూడా అయిపోయుంటుంది. ఈ సంగతి మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు."

నాకు ఆ మాట నచ్చలేదని రాసుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అబద్ధం అవుతుంది. నచ్చింది. రాత్రంతా దాన్నే పట్టుకుని ఉన్నాను. మర్నాడు బైండింగు షాపుకి వెళ్లేసరికి ఒక కాపీ సిద్ధంగా ఉంది. బంగారు అక్షరాల్లో నా పేరు చూసుకుని, దాన్ని గుండెలకి హత్తుకుని ఇంటికి పారిపోవాలనిపించింది. పుస్తకం తెరిస్తే ఖర్మకొద్దీ ఆ పేజీయే వచ్చింది. పరికరాల లోపం కారణం కావచ్చు. ఎవరో ప్రాణాలకు తెగించి మబ్బుల్లోకి విమానం తోలుకెళ్లి కొలిచి తెచ్చిన దాన్ని, నేను రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని తప్పు అన్నాను. తప్పు నాది, నెపం వాళ్లది. చాలా సిగ్గేసింది. మిగతా మూడూ బైండింగు చెయ్యొద్దని చెప్పేశాను.

"అయ్యో, అట్టల మీద గోల్డు లెటర్లు కూడా వేసేశానండీ మేడం!" అన్నాడతను.

"ఉంచండి. పేరైతే మారదుగా" అన్నాను.

గైడు గారి దగ్గరకు ఆ వారంలోనే వెళ్లాను. రైల్లో కూర్చుని ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఆయన ఎదుట పడ్డాక ఒక్కటీ గుర్తు రాలేదు. బొమ్మ ఉన్న కాగితం ఆయన ముందు పెట్టి, "ఇది తప్పండి సార్" అన్నాను. ఎందుకు తప్పో చెప్పాను. ఆయన నల్లబల్ల దగ్గరకు వెళ్లి రెండు, నాలుగు, ఎనిమిది అని ఒకదాని కింద ఒకటి రాసి, చాలాసేపు చూశారు.

"ఎవరు పట్టుకున్నారు?"

"మా అత్తగారండి."

"ఆవిడేం చేస్తుంటారు?"

"లేసు అల్లుతారండి."

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. అరిచారు. ఎనిమిదేళ్లు ఏం చేశావన్నారు, ప్రోగ్రాము ఎక్కిస్తే సరా, ఎక్కించింది ఏంటో చూసుకోనక్కర్లేదా అన్నారు. పక్క గదుల వాళ్లు తలుపుల దగ్గరకు వచ్చి నిలబడేదాకా అరిచారు.

"డిసెంబరు తర్వాత ఇంక గడువు ఇవ్వరని తెలుసా నీకు?"

"తెలుసండి."

"తెలిసే వచ్చావా?"

"అవునండి."

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకున్నారు. "వెళ్లు. లెక్క మళ్లీ మొదటినుంచి చెయ్యి. గడువు కాగితాల సంగతి నేను చూస్తాను. వాళ్లు ఒప్పుకుంటారన్న ఆశ నాకైతే లేదు."

ఇంటికి వచ్చి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒక్క బొమ్మతో కాదు. ఒక్కో సైజుకు ఒక్కో బొమ్మ గీయాలి. ఏ వెడల్పు పలుకుకి ఎంత మందం ఉంటుందో కొలిచినవాళ్ల పట్టిక ఒకటి గైడు గారు ఎప్పుడో ఇచ్చిన జిరాక్సుల్లో ఉంది. ఇన్నేళ్లూ నా బీరువాలోనే పడి ఉంది, నేనే చూడలేదు. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని బొమ్మ ముందు కూర్చునేవారు. చిన్న పువ్వు కొసలకి రెమ్మలు చేర్చుకుంటూ పెద్దది ఎలా చెయ్యాలో అత్తగారు పక్కనుంచి చెబుతుండేవారు. "అక్కడ ఖాళీ వదులు. నిండా నింపెయ్యకు. అన్నీ నింపేస్తే అది పువ్వు కాదు, పీట." ఆయన, "అమ్మా, నేను గవర్నమెంటు డ్రాఫ్ట్స్‌మన్ని" అంటే, "అయితే గవర్నమెంటు పువ్వు వెయ్యకు, మామూలు పువ్వు వెయ్యి" అనేవారు.

ఘనాల సంఖ్య పెరిగింది కాబట్టి కంప్యూటర్ కూడా ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు చాలవు, ఆదివారమంతా కావాలి. ఆ మాట అత్తగారితో అనడానికి నాకు నోరు రాలేదు. మొదటి ఆదివారం పొద్దున్నే చీర కట్టుకుని గుడికి తయారయ్యాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"నువ్వు కాలేజీకెళ్లు. అయ్యగారికి నేను చెప్తాలే."

అయ్యగారంటే మా పాస్టరు గారు. "ఏమని చెప్తారండి?"

"మా కోడలు తప్పు దిద్దుకుంటోందని చెప్తా. ఆదివారం ఆదివారం గుళ్లో నిలబడి తప్పు ఒప్పుకుని ఇంటికొచ్చేస్తున్నాం. ఒప్పుకుంటే సరా? ఎవరో ఒకరు దిద్దాలి కూడా కదా."

ఆవిడ మీద అప్పటిదాకా నాకున్నది భయమూ, విసుగూ. ఆ రోజు నుంచి ప్రేమ. ఇంతకన్నా వేరేగా చెప్పడం నాకు రాదు.

ఆవిడ అన్నంత పనీ చేశారు. గుళ్లో అడిగిన ప్రతివారికీ అదే మాట చెప్పారు. దాంతో సంఘంలో సగం మంది నేనేదో ఘోరం చేశాననుకున్నారు. స్త్రీల కూడిక వాళ్లు ఇద్దరు బత్తాయిలు పట్టుకుని ఇంటికి వచ్చి, నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. ఏం తప్పో అడగడానికి మొహమాటపడ్డారు, చెప్పడానికి నాకూ ఓపిక లేకపోయింది. బత్తాయిలు మాత్రం తియ్యగా ఉన్నాయి.

డిసెంబరు అయిపోయింది. యూనివర్సిటీ నుంచి ఉత్తరం లేదు. జనవరి పోయింది, ఫిబ్రవరి వచ్చింది. కాలేజీ నుంచి ఇంటికి వస్తూనే గుమ్మంలో పోస్టు కోసం వెతుక్కోవడం, లేకపోతే వంటింట్లో గిన్నెలు ఎత్తిపడేయడం నాకు అలవాటైపోయింది. ఒకరోజు, రద్దయిపోయిన రిజిస్ట్రేషన్‌కి ఇంత కష్టం దేనికని పెన్ను విసిరేశాను. మా ఆయన పెన్ను తీసి, నిబ్బు చూసి, నా చేతిలో పెట్టారు. "గీత చుక్కల మీదకి వస్తుందో రాదో చూడాలని నాకుంది. డిగ్రీ సంగతి తర్వాత" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే ఉంది.

మార్చిలో ఒక ఆదివారం చివరి సైజు లెక్క ముగిసింది. కరెంటు పోతుందేమోనని రోజంతా దేవుణ్ణి వేడుకుంటూ కూర్చున్నాను. పోలేదు. అంకెలన్నీ తీసి గ్రాఫు కాగితం మీద నేనే చేత్తో పెట్టాను. క్యారియరు తెచ్చిన మా ఆయన నా భుజం మీదుగా వంగి చూస్తున్నారు. చిన్న పలుకుల దగ్గర మునుపటిలాగే. తర్వాత సైజు, ఆ తర్వాత సైజు. గీత లేవలేదు. విమానం వాళ్ల చుక్కల మధ్యలోంచి, ఒకదానికి కాస్త పైగా, ఒకదానికి కాస్త కిందుగా, చివరి దాకా పోయింది. ఆయన క్యారియరు విప్పి అన్నం వడ్డించారు. నేను పరికరాల లోపం అన్న ఆ వాక్యం కొట్టేసి, దాని పక్కనే కూర్చుని పప్పు అన్నం తిన్నాను. అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు.

ఆ తర్వాత పది రోజులకి ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు గడువు పొడిగించడమైనది అని ఒకే ఒక్క ముక్క. ఎందుకు ఇచ్చారో అందులో లేదు.

జూన్‌లో కొత్త కాపీలు పట్టుకుని యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లాను. క్లర్కు నా ఫైలు తీసి, సంతకం పెట్టాల్సిన చోటు వెతుకుతూ నా మొహం వంక చూశాడు.

"మీరేనా మేడం? మీ సార్ లెటరు మా సెక్షనంతా చదివామండి. పాతికేళ్ల సర్వీసులో అలాంటిది చూళ్లేదు."

"ఏం లెటరండి?"

అతను ఫైలు నావైపు తిప్పాడు. ఇంగ్లీషులో, టైపు చేసింది కాదు, గైడు గారి చేతిరాత. ఈ అభ్యర్థి తన తప్పును తానే వచ్చి చెప్పింది, చెప్పకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు అని రాశారు. ఆ అధ్యాయాన్ని రెండుసార్లు చదివి సంతకం చేసింది నేను, ఒక వాక్యం దగ్గర అనుమానం వచ్చి కూడా అడగాల్సినంత అడగలేదు, లోపం నా పర్యవేక్షణది, పోయిన కాలాన్ని ఆమె ఖాతాలో కాక నా ఖాతాలో వేయండి అని రాశారు. కింద సంతకం. రిటైరవడానికి నాలుగు నెలల ముందు తేదీ.

"గైడ్లు ఆలస్యానికి కారణం స్టూడెంటే అని రాస్తారండి ఎప్పుడూ" అన్నాడు క్లర్కు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం. కాగితం తడుస్తోంది, కాస్త చూసుకోండి."

డిగ్రీ మరుసటి ఏడు వచ్చింది. ఉద్యోగమూ పర్మనెంటయింది. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పాల్సింది ఆ రోజు మధ్యాహ్నం సంగతే. ఆఫీసు నుంచి నేరుగా ఒక కాపీ పట్టుకుని గైడు గారి ఇంటికి వెళ్లాను. ఆయన రిటైరై రెండు నెలలైంది. లుంగీ కట్టుకుని వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

"లెటర్ చూశానండి సార్."

"ఆఫీసు ఫైళ్లు చదవడం తప్పు" అన్నారు. "కూర్చో."

థీసిస్ ఆయన చేతిలో పెట్టాను. అట్ట అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీ అత్తగారికి చూపించావా?"

"చూపించానండి."

"ఏమన్నారు?"

"ఏడో బొమ్మలో కింద ఎడమవైపు ఒక రెమ్మ తక్కువైందన్నారండి. నిజమేనండి, తక్కువైంది. బైండింగుకి ఇచ్చే ముందు సరిచేసి, ఆ సైజు లెక్క మళ్లీ చేశాం."

ఆయన మొదటిసారి నవ్వారు. లోపలికి వెళ్లి కళ్లద్దాలూ, ఒక స్కేలూ తెచ్చుకున్నారు. పరిశీలకులకు కాపీలు అప్పటికే ఆఫీసులో ఇచ్చేశాను. ఆయన సంతకమూ అయిపోయింది. ఇప్పుడు చదవమని ఆయన్ని అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా నాలుగో అధ్యాయం తీసి, ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, వెడల్పు మీద ఒకసారి, మందం మీద ఒకసారి స్కేలు పెట్టి కొలిచి, పక్కనున్న పట్టికతో సరిచూసుకుని, అప్పుడు పేజీ తిప్పారు. ఇరవై బొమ్మలకీ అలాగే చేశారు. చివరిది అయ్యేదాకా నేను ఎదురుగా కదలకుండా కూర్చున్నాను.